చిన్న ట్రాక్టర్‌కు ఇంట్లోనే పవర్ స్టీరింగ్: మూడు దారులు, వాటికి ముందు ఒక కొలత

చిన్న ట్రాక్టర్ స్టీరింగ్ ఎక్కడ చుక్కలు చూపిస్తుందో నడిపినవాళ్లకు తెలుసు. చాలు చివర ముందుకీ వెనక్కీ ఆడిస్తూ బండి తిప్పుకునేటప్పుడు, ముందు బకెట్‌లో మట్టి ఉండగా నిలబడ్డ చోటే చక్రాలు తిప్పాల్సి వచ్చినప్పుడు, సాయంత్రానికి భుజాలు పట్టేస్తాయి. పవర్ స్టీరింగ్ పెట్టేద్దాం అనుకున్నాక అసలు తికమక మొదలవుతుంది. కారులో వచ్చే ఎలక్ట్రిక్ కాలమ్ పెట్టమని ఒకరు, చిన్న లారీ పవర్ బాక్సు బిగించమని ఇంకొకరు, పాత బాక్సు తీసేసి ఆర్బిట్రోల్ (స్టీరింగ్ తిప్పినంత ఆయిల్ కొలిచి పంపే యూనిట్), సిలిండర్ వేసుకోమని మరొకరు చెబుతారు.

ఏది తేలిగ్గా తిరుగుతుందన్నది ఇక్కడ పెద్ద ప్రశ్న కాదు. సరిగ్గా అమరిస్తే మూడూ ఒంటి చేత్తో తిరుగుతాయి. ఇంజిన్ ఆగినప్పుడు, బెల్టు తెగినప్పుడు, ఫ్యూజు పోయినప్పుడు ముందు చక్రాలు మన మాట వింటాయా? నేను అన్నిటికంటే ముందు చూసేది ఇదే. మీరూ ఇక్కడి నుంచే మొదలుపెట్టండి.

## బరువు ఎక్కడ ఉందో తేల్చుకోండి

వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు యాక్సిల్‌ని జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలపండి. ఇప్పుడు స్టీరింగ్ తిప్పి చూడండి. గాల్లో ఉన్న చక్రాలు కూడా బరువుగా తిరుగుతుంటే లోపం నేల వల్ల వచ్చింది కాదు. కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే నిలువు పిన్) బుష్‌లు పట్టేసి ఉండాలి, థ్రస్ట్ బేరింగ్ పోయి ఉండాలి, లేదా స్టీరింగ్ బాక్సులో ఆయిల్ ఎండిపోయి ఉండాలి. డ్రాగ్ లింకు (స్టీరింగ్ బాక్సు నుంచి చక్రాల దాకా పోయే కడ్డీ) విప్పి చక్రాలను చేత్తో తిప్పితే బరువు బాక్సులో ఉందో కింగ్ పిన్‌లో ఉందో తెలిసిపోతుంది.

నేను పంపు, హోస్ పైపులు అన్నీ తెచ్చిపెట్టుకున్నాకే ఈ పరీక్ష చేశాను. ఎడమ కింగ్ పిన్ థ్రస్ట్ బేరింగ్ పొడి పొడిగా రాలింది. దాన్ని మార్చి, బుష్‌లకు గ్రీజు పట్టించాక స్టీరింగ్ బాగా తేలికైంది. ఆ పని ముందే చేసి ఉంటే ఇంత పెద్ద పంపు తెచ్చేవాణ్ణి కాదు.

గాల్లో తేలిగ్గా తిరిగి, నేల మీద బరువెక్కితే టైర్లు, బరువు చూడాలి. టైరులో గాలి తక్కువైతే నేలను ఎక్కువ పట్టుకుంటుంది. వెడల్పు కోసం రిమ్ములు తిరగేసి బిగించిన బండిలో చక్రం కింగ్ పిన్ నుంచి దూరం జరుగుతుంది కాబట్టి తిప్పడానికి ఎక్కువ బలం కావాలి, రాయి తగిలినప్పుడు దెబ్బ కూడా ఎక్కువే వస్తుంది. ముందు బకెట్ ఉన్న ట్రాక్టర్‌కి వెనక లిఫ్ట్ మీద బరువు పెట్టకపోతే భారమంతా ముందు యాక్సిల్ మీదే పడుతుంది. వెనక చక్రాల వెనక్కి బరువు వేస్తే ముందు భాగం తేలికవుతుంది. అయితే బండి మొత్తం బరువులో కనీసం ఐదో వంతు ముందు చక్రాల మీద మిగలాలి. అంతకంటే తగ్గితే స్టీరింగ్ తిరుగుతుంది గానీ బండి తిరగదు.

ఇవన్నీ సరిచేశాక కొలత తీయండి. గట్టి నేల మీద, బండి కదలకుండా, స్టీరింగ్ అంచుకు కొక్కెం త్రాసు తగిలించి లాగండి. 20 కిలోల దగ్గర కదిలిందనుకుందాం. స్టీరింగ్ చక్రం వ్యాసం 40 సెంటీమీటర్లయితే అది దాదాపు 40 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం). స్టీరింగ్ ఒక చుట్టు తిప్పితే బాక్సు కింది చేయి ఎన్ని డిగ్రీలు కదిలిందో చూడండి. 24 డిగ్రీలైతే నిష్పత్తి 15. అంటే చేయి దగ్గర టార్క్ 600 న్యూటన్ మీటర్లు. ఆ చేయి పొడవు 15 సెంటీమీటర్లయితే డ్రాగ్ లింకు మీద 4,000 న్యూటన్లు, అంటే సుమారు 400 కిలోల తోపు. బాక్సు లోపలి రాపిడి కొంత తినేస్తుంది కాబట్టి అసలు అవసరం ఇంతకంటే తక్కువే ఉంటుంది. ఈ ఒక్క అంకె చేతిలో ఉంటే కింద చెప్పేదంతా మీ బండికి లెక్కేసుకోవచ్చు.

## ఏయే విషయాలు చూడాలి

మొదటిది చెప్పేశాను: సహాయం ఆగినప్పుడు ఏమవుతుంది? దీనికి జతగా వచ్చేది, బండి రోడ్డెక్కుతుందా, పొలం దాటదా? స్టీరింగ్‌కి మార్పు చేసిన వాహనం రోడ్డు మీద తిరగాలంటే చాలా చోట్ల తనిఖీ, అనుమతి కావాలి. ఇన్సూరెన్స్ చెల్లుతుందో లేదో కూడా పని మొదలుపెట్టకముందే కనుక్కోండి.

రెండోది, చాలామంది వదిలేసేది: కొత్త బలం ఏ భాగాల గుండా వెళ్తుంది? స్టీరింగ్ కాలమ్ దగ్గర బలం కలిపితే అది పాత బాక్సు పళ్ల మీదుగానే చక్రాలకు చేరాలి. సిలిండర్‌ని యాక్సిల్ దగ్గర పెడితే బాక్సుకు ఆ భారం ఉండదు, కానీ టై రాడ్ (రెండు ముందు చక్రాలను కలిపే కడ్డీ), చక్రాలను తిప్పే ఇనుప స్టీరింగ్ చేతులు మోయాలి. ఇదివరకు రాయి అడ్డొస్తే మన చేతులు ఆగిపోయేవి. ఇకపై ఆగవు. బలహీనమైన భాగం వంగే దాకా పవర్ స్టీరింగ్ తోస్తూనే ఉంటుంది.

మిగతావి మీ బండిని బట్టి, మీ చేతిలోని పనిముట్లను బట్టి ఉంటాయి. ఇంజిన్ ఆన్‌లో ఉన్నంతసేపూ తిరిగే పంపు ఉందా? ఆల్టర్నేటర్ ఎన్ని ఆంపియర్లది? లేత్ పని తెలిసినవాళ్లు దగ్గర్లో ఉన్నారా? నచ్చకపోతే పాత స్థితికి తేగలరా?

## ఏదీ పెట్టకుండా

కింగ్ పిన్లు, బేరింగ్, బాక్సు ఆయిల్, టైరు గాలి, వెనక బరువు సరిచేశాక త్రాసు 10 కిలోల లోపు చూపిస్తే, బకెట్ పని కూడా లేకపోతే, అక్కడే ఆగిపోవడం మంచిది. కొంచెం పెద్ద స్టీరింగ్ చక్రం వేస్తే చాలు. 40 సెంటీమీటర్లకు బదులు 45 వేస్తే బలం తొమ్మిదో వంతు తగ్గుతుంది. కానీ తిప్పడానికి వీలని అంచుకు గుండ్రటి పిడి మాత్రం బిగించకండి. పవర్ లేని స్టీరింగ్‌లో ముందు చక్రం గుంతలో పడితే స్టీరింగ్ గిర్రున తిరుగుతుంది, ఆ పిడి మణికట్టు మీద పడుతుంది. హైడ్రాలిక్ స్టీరింగ్‌లో ఆ దెబ్బ చేతిదాకా రాదు కాబట్టి అక్కడ పిడి ఉండొచ్చు.

## కారు ఎలక్ట్రిక్ కాలమ్

కారు స్టీరింగ్ కాలమ్‌కే మోటారు ఉండే రకం ఇది. పాత కారు నుంచి తీసి, ట్రాక్టర్ కాలమ్ మధ్యలో యూనివర్సల్ జాయింట్లతో కలుపుతారు. ఆయిల్ లేదు, పంపు లేదు, పైపులు లేవు. మోటారు ఆగినా షాఫ్టు అలాగే ఉంటుంది కాబట్టి బండి పాత బరువుతో తిరుగుతుంది. రోడ్డెక్కే బండికి ఇది చాలా పెద్ద సుగుణం.

చిక్కు కరెంటు దగ్గర ఉంది. గట్టిగా తిప్పినప్పుడు 12 వోల్టుల మోటారు క్షణకాలం 40 నుంచి 60 ఆంపియర్ల దాకా లాగగలదు. సగటున అంత లాగదు, కాబట్టి మంచి బ్యాటరీ, ఓ మోస్తరు ఆల్టర్నేటర్ ఉంటే సరిపోతుంది. పాత డైనమో ఉన్న బండి అయితే ముందు దాన్ని మార్చుకోవాలి. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి, వైరు లావుగా ఉండాలి, ఎర్త్ బిగుతుగా ఉండాలి.

రెండో చిక్కు కంట్రోలర్. కారులో అది బండి వేగం, ఇంజిన్ సిగ్నల్ చూసి సహాయం హెచ్చుతగ్గులు చేస్తుంది. ట్రాక్టర్‌లో ఆ సిగ్నళ్లు ఉండవు. కొన్ని రకాలు సిగ్నల్ లేకపోయినా ఒక స్థిరమైన సహాయం ఇస్తాయి, కొన్ని అసలు పనే చేయవు. కాబట్టి కాలమ్‌ని టేబుల్ మీద బ్యాటరీకి కలిపి నడిపి చూశాకే కొనండి. ఇవి కారు క్యాబిన్ లోపలి కోసం చేసినవి, వాననీళ్లు, దుమ్ము తట్టుకోవు. పై కప్పు లేని ట్రాక్టర్‌లో మంచి డబ్బా కట్టాల్సిందే. చేయి వేసిన చోట తెలిసే ఒక కటాఫ్ స్విచ్ కూడా పెట్టండి. టార్క్ సెన్సర్ చెడితే మోటారు తనంతట తాను తిప్పబోవచ్చు.

బలం పాత బాక్సు గుండానే వెళ్తుందని మరిచిపోవద్దు. బాక్సులో ఇప్పటికే ప్లే (పళ్ల మధ్య వదులు) ఎక్కువగా ఉంటే ఎలక్ట్రిక్ కాలమ్ ఆ అరుగుదలను ఇంకా పెంచుతుంది. ముందు బకెట్ ఉన్న బండికి నేను ఇది వద్దనే చెబుతాను.

## చిన్న లారీ పవర్ బాక్సు

బాక్సు లోపలే పిస్టన్ ఉంటుంది. మనం తిప్పగానే వాల్వ్ తెరుచుకుని ఆయిల్ ఆ పిస్టన్‌ని తోస్తుంది. పంపు ఆగినా పళ్లు పళ్లను తిప్పుతూనే ఉంటాయి, స్టీరింగ్ పోదు. లోపలి ఆయిల్‌ను కూడా నెట్టాలి కాబట్టి పాత బాక్సు కంటే బరువుగా ఉండొచ్చు.

ట్రాక్టర్ డ్రాగ్ లింకు బండి పక్కన ముందుకీ వెనక్కీ కదులుతుంది. అందుకే కింది చేయి అదే దిశలో ఊగే లారీ రకం బాక్సు కావాలి. చేయి అడ్డంగా ఊగే బాక్సు పనికిరాదు. కొనేముందు బాక్సును నేల మీద పెట్టి, బండిలో ఎలా కూర్చుంటుందో అలాగే పట్టుకుని, షాఫ్టు కుడికి తిప్పి చూడండి. చేయి మీ బండిలో కదలాల్సిన వైపే కదలాలి. లేదంటే కుడికి తిప్పితే బండి ఎడమకు పోతుంది.

అసలు కష్టం బిగించడంలో ఉంది. లారీకి ఉన్నట్టు ట్రాక్టర్‌కి పక్క ఛాసిస్ ఉండదు. ఇంజిన్, గేర్ బాక్సే ఛాసిస్. ఇంజిన్ బోల్టుల మీద మందపాటి ప్లేటుతో బ్రాకెట్ చేయాలి, అది తిప్పేటప్పుడు ఊగకూడదు. ఫెర్గూసన్ టీఈ20 లాంటి పాత బండ్లలో బాక్సు నుంచి రెండు వైపులా రెండు డ్రాగ్ లింకులు పోతాయి. అక్కడ ఒక చేయి ఉన్న బాక్సు పెడితే రెండు ముందు చక్రాలను కలిపే టై రాడ్ కొత్తగా వేయాలి. చోటు దొరికిన బండికి మాత్రం ఇది మంచి దారి.

## ఆర్బిట్రోల్, సిలిండర్

పాత బాక్సు మొత్తం తీసేసి, స్టీరింగ్ కింద ఆర్బిట్రోల్ యూనిట్ పెడతారు. దాన్ని తిప్పినంత ఆయిల్ సిలిండర్‌లోకి కొలిచి పంపుతుంది. స్టీరింగ్‌కి, చక్రాలకు మధ్య ఇనుప సంబంధం ఏదీ ఉండదు, ఆయిలే సంబంధం. హోస్ పగిలితే స్టీరింగ్ లేదు. అయినా ముందు బకెట్‌తో పనిచేసే బండికి దీన్ని మించింది లేదు. తక్కువ భాగాలతో, ఎక్కువ బలంతో, గుంత దెబ్బలు చేతికి రాకుండా పనిచేస్తుంది.

ఇంట్లో చేసేవాళ్లు ఎక్కువగా తప్పేది సైజు దగ్గరే. మన ఉదాహరణలో 4,000 న్యూటన్లు కావాలి. 40 మిల్లీమీటర్ల బోరు (లోపలి వ్యాసం), 20 మిల్లీమీటర్ల రాడ్ ఉన్న సిలిండర్ తీసుకుందాం. రాడ్ వైపు వైశాల్యం 942 చదరపు మిల్లీమీటర్లు. 70 బార్ ఆయిల్ ఒత్తిడి దగ్గర అది 6,600 న్యూటన్లు ఇస్తుంది. డ్రాగ్ లింకు తగిలే స్టీరింగ్ చేతికే, కింగ్ పిన్ నుంచి ఆ లింకు ఉన్నంత దూరంలో తగిలిస్తే ఇది పుష్కలం.

ఒకవైపే రాడ్ ఉన్న సిలిండర్‌లో రెండు వైపులా ఆయిల్ సమానంగా పట్టదు. 200 మిల్లీమీటర్ల స్ట్రోక్‌కి (రాడ్ కదిలే దూరానికి) ఒకవైపు 251 సీసీ, ఇంకోవైపు 188 సీసీ పడుతుంది. దాంతో కుడికి ఒక లెక్క, ఎడమకు ఒక లెక్క చుట్లు వస్తాయి. అలవాటు పడొచ్చు గానీ, రెండు వైపులా రాడ్ ఉన్న సిలిండర్ దొరికితే అదే తీసుకోండి. అప్పుడు ఎటు తిప్పినా 188 సీసీయే.

ఇక ఆర్బిట్రోల్. ఒక చుట్టుకు 50 సీసీ పంపేది అయితే ఈ చివర నుంచి ఆ చివరకు దాదాపు 3.8 చుట్లు. 80 సీసీ అయితే 2.4. 125 సీసీ అయితే ఒకటిన్నర చుట్టు, బండి చేతిలో నిలవదు. పెద్దది అయితే త్వరగా తిరుగుతుందని ఆశపడతారు. ఇంజిన్ ఆగినప్పుడు ఏమవుతుందో చూడండి. అప్పుడు ఆర్బిట్రోలే చేతి పంపు అవుతుంది. 4,000 న్యూటన్ల కోసం సుమారు 42 బార్ ఒత్తిడి మన చేతులే పుట్టించాలి. 50 సీసీ యూనిట్‌తో స్టీరింగ్ అంచు దగ్గర 17 కిలోల బలం కావాలి, అంటే పాత స్టీరింగ్ బరువుకు దగ్గరే. 125 సీసీతో 42 కిలోలు. లోపలి లీకేజీ, రాపిడి దీనికి అదనం. అందుకే నా సలహా ఎప్పుడూ చిన్న యూనిట్ వైపే. ఒకటి రెండు చుట్లు ఎక్కువ తిప్పాల్సి వస్తే వచ్చింది.

సిలిండర్ రెండో కొన యాక్సిల్‌కే బిగించాలి, బండి శరీరానికి కాదు. ముందు యాక్సిల్ మధ్య పిన్ మీద అటూ ఇటూ ఊగుతుంది. సిలిండర్ ఇంజిన్‌కి కట్టి ఉంటే గట్టు ఎక్కిన ప్రతిసారీ చక్రాలు వాటంతట అవే తిరుగుతాయి. హోస్ పైపులు యాక్సిల్ పూర్తిగా వాలినప్పుడు, చక్రాలు పూర్తిగా తిరిగినప్పుడు కూడా లాగబడకూడదు. సిలిండర్ రెండు చివర్లా కొంచెం స్ట్రోక్ మిగిలి ఉండగానే యాక్సిల్ మీది స్టాప్ బోల్టులు తగలాలి. స్టీరింగ్ చేతుల మీద, కింగ్ పిన్ల మీద వెల్డింగ్ చేయకండి. వేడికి ఆ ఉక్కు పెళుసవుతుంది, పగిలే రోజు చెప్పి పగలదు. బోల్టులతో బిగించే క్లాంపు, బాల్ జాయింట్ వాడండి.

తిన్నని రోడ్డు మీద ఇది దానంతట అది మధ్యకు రాదు, స్టీరింగ్ చక్రం కూడా నెమ్మదిగా స్థానం మారుతుంటుంది. వేగంగా పోయే బండికి ఇది ఇబ్బందే. చాలా ట్రాక్టర్లలో స్టీరింగ్ బాక్సుకే యాక్సిలరేటర్ లివర్, డాష్ బోర్డు కట్టి ఉంటాయి, బాక్సు తీస్తే వాటికి వేరే ఆధారం చూసుకోవాలి. తీసిన బాక్సును ఆయిల్ రాసి దాచండి.

## పంపు సంగతి

పవర్ బాక్సుకైనా, ఆర్బిట్రోల్‌కైనా పంపు కావాలి. సెకనుకు ఒక చుట్టు తిప్పితే 50 సీసీ యూనిట్‌కి నిమిషానికి 3 లీటర్లు చాలు. 70 బార్ దగ్గర నిమిషానికి 5 లీటర్లంటే ఇంజిన్ నుంచి తీసేది ఒక హార్స్ పవర్ లోపే. స్లో స్పీడ్‌లో కూడా ఆ ఆయిల్ రావాలి. చుట్టుకు 6 సీసీ ఇచ్చే పంపు 800 ఆర్పీఎం దగ్గర నిమిషానికి 4 లీటర్ల పైన ఇస్తుంది, సరిపోతుంది.

లిఫ్ట్ హైడ్రాలిక్స్ నుంచే ఆయిల్ తీసుకోవచ్చు కదా అని అడుగుతారు. పంపు ఎప్పుడూ తిరిగేది, ఆయిల్ ఎప్పుడూ పారేది అయితే ప్రయారిటీ వాల్వ్ పెట్టి తీసుకోవచ్చు. ముందు స్టీరింగ్‌కి, మిగిలింది లిఫ్ట్‌కి వెళ్తుంది. కానీ టీఈ20 లాంటి బండిలో పంపు పీటీఓ షాఫ్టు (వెనక పనిముట్లను తిప్పే షాఫ్టు) మీద తిరుగుతుంది. క్లచ్ తొక్కితే పంపు ఆగుతుంది. పైగా లిఫ్ట్ అడిగినప్పుడే ఆయిల్ లాగుతుంది. క్లచ్ తొక్కగానే స్టీరింగ్ పోయే బండి ఎవరికీ వద్దు. అక్కడ కారు పవర్ స్టీరింగ్ పంపును బెల్టుతో నడిపి, విడిగా చిన్న ట్యాంకు, రిటర్న్ ఫిల్టర్ పెట్టడం మేలు. కారు పంపులో రిలీఫ్ వాల్వ్ (ఒత్తిడి మితిమీరకుండా ఆపేది), ఫ్లో కంట్రోల్ (ఆయిల్ పారుదలను అదుపు చేసేది) సాధారణంగా లోపలే ఉంటాయి. ట్యాంకు విడిగా ఉంది కాబట్టి గేర్ బాక్సు ఆయిల్‌లోని ఇనుప పొడి మన కొత్త వాల్వులోకి రాదు. రిలీఫ్ ఒత్తిడి మాత్రం మీ లెక్కకు తగ్గట్టు ఉంచండి. అవసరం 70 బార్ అయితే 120 పెడితే టై రాడ్ వంగొచ్చు.

## ఒక్క చూపులో

| | ఎలక్ట్రిక్ కాలమ్ | పవర్ బాక్సు | ఆర్బిట్రోల్ |
|---|---|---|---|
| ఇంజిన్ ఆగితే | బ్యాటరీ ఉన్నంతసేపు సహాయం, తర్వాత పాత బరువు | బరువుగా తిరుగుతుంది | చిన్న సైజైతే తిరుగుతుంది, హోస్ పగిలితే తిరగదు |
| పాత బాక్సు మీద భారం | పెరుగుతుంది | బాక్సే మారుతుంది | బాక్సు ఉండదు |
| ముందు బకెట్ పనికి | వద్దు | పర్వాలేదు | చాలా మంచిది |
| కష్టమైన పని | కంట్రోలర్, తడి నుంచి రక్షణ | బ్రాకెట్, చేయి దిశ | సైజు లెక్క, పైపులు |
| వెనక్కి మార్చడం | సులువు | కష్టం | బాక్సు దాచుకుంటే వీలే |

రోజూ రోడ్డు మీద ట్రైలర్ లాగే బండి అయితే ఇనుప సంబంధం తెగని దారుల్లోనే ఉండండి: బాక్సు బాగుంటే ఎలక్ట్రిక్, అరిగిపోయి ఉంటే పవర్ బాక్సు. పొలం, తోట, పశువుల పాక దాటని బకెట్ బండికి ఆర్బిట్రోల్. వెల్డింగ్ తెలుసు గానీ వైరింగ్ రాదు అనేవాళ్లు ఎలక్ట్రిక్ జోలికి పోవద్దు. పెద్దవాళ్లు, భుజం నొప్పి ఉన్నవాళ్లు నడిపే బండి అయితే ఇంజిన్ ఆగినప్పటి బలాన్ని వాళ్లతోనే తిప్పించి చూసుకోండి, మీ చేతులతో కాదు.

## మొదటిసారి నడిపేటప్పుడు

హైడ్రాలిక్ పెట్టినవాళ్లు ముందు చక్రాలు గాల్లో ఉంచి, ఇంజిన్ స్లోలో పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా చాలాసార్లు తిప్పండి. చివర్లో పట్టుకుని ఉంచకండి. ట్యాంకులో నురగ తగ్గే దాకా ఆయిల్ చూసి పోస్తూ ఉండండి. లీకు ఉందేమోనని పైపుల మీద చేయి పెట్టి తడమడం ప్రమాదం. సూది రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అట్టముక్క ఆడించి చూడండి.

తర్వాత ఎవరూ లేని చదునైన చోట నడక వేగంతో పోతూ ఇంజిన్ ఆపేసి, ముందు ఉన్న ఒక గుర్తును తప్పించి చూడండి. ఎలక్ట్రిక్ పెట్టినవాళ్లు దాని కటాఫ్ స్విచ్ కూడా నొక్కి చూడాలి. రెండు వైపులా, బకెట్ ఉంటే నిండు బకెట్‌తోనూ చేయండి. తప్పించలేకపోతే బండిని గేటు దాటించకండి. ఆర్బిట్రోల్ అయితే ఒక సైజు చిన్నది వేసి మళ్లీ చూడండి.